పిత్తాశయం పోయిన రోజు

ఆపరేషన్ థియేటర్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా పనిచేశాను. ఇన్నేళ్ళలో ఒక్క కత్తెర గానీ, ఒక్క దూది ముక్క గానీ ఎవరి కడుపులోనూ మరిచిపోలేదు. ఈ మాట ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి చర్చి విందులోనూ అడగకపోయినా చెప్పుకుంటాను. చెప్పుకోనిది మరొకటి ఉంది. కడుపులోంచి తీసిన దాన్ని ఒకసారి పోగొట్టాను. కొత్తగా థియేటర్లో చేరిన పిల్లలు నన్ను చూసినప్పుడల్లా "మేడం, మీ రోజుల్లో ఎంత పద్ధతిగా ఉండేదో కదా" అంటుంటే మొహం ఎటు తిప్పుకోవాలో తెలియడం లేదు. అందుకే రాస్తున్నాను. మీ ఇష్టం వచ్చినంత నవ్వుకోండి, నేనూ ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉన్నాను.

కోలారు బంగారు గనులు మూతపడి నాలుగైదేళ్ళయింది అప్పటికి. పొద్దున రైలుకు సగం కేజీఎఫ్ బెంగళూరు పనులకు పోయేది. మిగిలిన సగం టీ అంగళ్ళ దగ్గర కూర్చుని గని మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో మాట్లాడుకునేది. నేను పనిచేసే చోటు ఒక చిన్న నర్సింగ్ హోం, ఇప్పుడది లేదు. ఇరవై పడకలు, ఒక థియేటరు, ఒక అంబులెన్సు, ఒక సర్జన్ గారు. సర్జన్ గారిది మైసూరు వైపు. తెలుగు మా వార్డుల్లోనే నేర్చుకున్నారు. కడుపు కోసేటప్పుడు అంతా సాఫీగా ఉంటే ఆయన కూనిరాగం తీస్తారు. ఏదైనా తేడా కనబడితే రాగం ఆగిపోతుంది. మేము పేషెంటు నాడి కంటే ముందు ఆ రాగాన్నే వింటుండేవాళ్ళం.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. పిత్తాశయంలోంచి తీసిన రాళ్ళను సీసాలో పెట్టి ఇంటివాళ్ళకు ఇచ్చేవాళ్ళం. వేరే ఊళ్ళలో ఆ సీసాను ఓసారి చూసి పారేస్తారేమో, మా ఊళ్ళో అలా కాదు. మూడు తరాలుగా రాయి పగలగొట్టి బతికిన జనం. ఆ రాయిని ఎండలో పెట్టి తిప్పి చూసేవాళ్ళు, అరచేతిలో బరువు చూసేవాళ్ళు, గీరి చూసేవాళ్ళు. "ఇది ఎన్నో లెవల్ నించి వచ్చినాది సిస్టర్?" అని గనిలో లోతు లెక్క అడిగినట్టే నన్నే అడిగేవాళ్ళు. తరువాత అది ఇంట్లో షోకేసు ఎక్కేది, వచ్చిన చుట్టానికల్లా కాఫీతో పాటు చూపించేవాళ్ళు.

ఇక అసలు మనిషి సంగతి. ఆమెకు అరవై దాటాయి. మంచి ఒళ్ళు, దానికి తగ్గ గొంతు. వాకిట్లో కూర్చుని మాట్లాడితే లోపల ఎక్స్‌రే గదిలో వినబడేది. పుట్టిల్లు బైరకూరు, అత్తిల్లు చాంపియన్ రీఫ్ గనివాళ్ళ లైన్లలో. భర్త గనిలో పైకప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే మేస్త్రీ. అందరూ ఆయన్ను మేస్త్రీ అనే పిలిచేవారు, నేనూ అలాగే రాస్తాను.

సర్జన్ గారు ఆమెను అడిగారు, "ఎన్నాళ్ళుగా ఈ నొప్పి?"

"నొప్పి యాడ సార్, గ్యాసు."

"సరే, ఎన్నాళ్ళుగా ఈ గ్యాసు?"

"మా చిన్న మనవరాలు పుట్టక ముందు నించీ. అది ఇప్పుడు ఏడో క్లాసు. సోడా తాగితే పోతాది, ఓమం నీళ్ళు తాగితే పోతాది. ఈ మధ్య యేం తాగినా పోవడం లేదు, అందుకే మీ దగ్గరికి వచ్చినాను."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? అమ్మగారికి?"

"మా అమ్మకు గ్యాసు లేదు సార్. ముసిల్దయినంక పచ్చకామెర్లు వచ్చినాయి. ఒళ్ళంతా గీరుకుంటా, కూడు సయించక, రెండు నెలలకే పోయినాది. కుడి పక్క గడ్డ ఉండాదని పెద్దాస్పత్రిలో చెప్పినారు. ఇంగ మేము ఆకు మందు పోయించినాము, అంతే."

సర్జన్ గారు కాగితం మీద ఏదో రాసుకుని స్కానింగుకు పంపారు. పిత్తాశయంలో నిమ్మకాయంత రాయి ఒకటి, దాని చుట్టూ చిన్నవి చాలా ఉన్నాయి. ఆ పిత్తాశయపు తిత్తి గోడ మందంగా ఉంది, ఒకచోట సున్నం పట్టినట్టు తెల్లగా కనబడింది. ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటలు మీకు పనికొస్తాయి గనుక రాస్తున్నాను. పిత్తాశయంలో రాళ్ళు ఊళ్ళో ఎంతోమందికి ఉంటాయి, వాళ్ళలో దాదాపు అందరికీ ఎప్పటికీ క్యాన్సరు రాదు, కాబట్టి రాయి అనగానే ఎవరినీ భయపెట్టకూడదు. కానీ ఆడమనిషి కావడం, వయసు మళ్ళడం, ఒళ్ళు రావడం, రాయి బాగా పెద్దదై ఏళ్ళ తరబడి ఉండిపోవడం, గోడ గట్టిపడటం, కన్నతల్లికి అలాంటి గడ్డే ఉండి ఉండవచ్చనే అనుమానం, ఇవన్నీ ఒకే మనిషిలో చేరితే తాత్సారం చేయకూడదు.

"ఇవన్నీ కలిస్తే వచ్చి తీరుతుందని కాదు సిస్టర్. నాకు రాగం మాత్రం రాదు" అన్నారు.

మేస్త్రీ సన్నగా, గడకర్రలా ఉంటాడు. నోరు మూతపడదు. "సార్, నేను కొయ్య నిలబెడితే మీద కొండ కూడా కదల్లేదు. దీని కడుపులో రాయి పడతా ఉంటే చూసుకోలేకపోతిని" అన్నాడు. అంతలోనే, "ఆ రాళ్ళు నాకియ్యాల సార్. ఒక్కటి కూడా తగ్గకూడదు. ఎంచుకుంటాను" అన్నాడు. అందరూ అడిగేదే కదా అని నవ్వాను.

ఆపరేషను సోమవారం జరిగింది. కడుపు తెరిచినప్పుడు రాగం వస్తూనే ఉంది. తిత్తిని బయటికి తీసి పక్క బల్ల మీద పెట్టి కోసి, లోపలి గోడ మీద వేలితో తడిమి చూసినప్పుడు ఆగిపోయింది.

"ఇక్కడ గరుకుగా తగులుతోంది సిస్టర్. ఏమిటో కంటితో చెప్పలేను. ఈ తిత్తి కోలారు ల్యాబ్‌కు వెళ్ళాలి. రాళ్ళు ఎటు పోయినా ఫరవాలేదు, ఇది పోకూడదు" అన్నారు.

"సరే సార్" అన్నాను. ఆ సరే సార్ నాకు ఇప్పటికీ వినబడుతుంటుంది.

నా దగ్గర రెండు తెల్ల ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయి. మాత్రలు వచ్చే సీసాలే, కడిగి వాడుకునేవాళ్ళం. లోపల ఏముందో బయటికి కనబడదు. ఒకదాంట్లో తిత్తి వేసి ఫార్మలిన్ పోశాను, అది చెడిపోకుండా కాపాడే మందు నీళ్ళు. రెండోదాంట్లో రాళ్ళను దూదిలో చుట్టి పెట్టాను. తడి చేతులతో పట్టుకునే సీసాకు ప్లాస్టరు అంటుకోదు. అందుకని మేము మూతల మీద అంటించి రాసేవాళ్ళం. ఒక మూత మీద "తిత్తి, ల్యాబ్‌కు", ఇంకో మూత మీద "రాళ్ళు, ఇంటికి". మూతలు రెండూ ఒకే కొలత. ఇంతవరకూ బాగానే ఉంది.

ముందురోజు ఆదివారం చర్చిలో ఒక సంగతి జరిగింది. క్వైర్ అంతా రెండో చరణం తరువాత ఆగితే, నేనొక్కదాన్నే మూడో చరణం ఎత్తుకుని ఒక వరస మొత్తం గొంతెత్తి పాడేశాను. చర్చి చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. పాస్టరమ్మ అయితే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి తోటి నర్సుకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. రెండు సీసాలూ తెరిచి పెట్టుకుని, ఆ పాట ఎలా పాడానో చేతులు తిప్పుతూ చూపించాను. ఆమె పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వుతూనే రెండు మూతలూ బిగించాను. బుధవారం సాయంత్రం ఒక సీసా ల్యాబ్‌కు, ఇంకొకటి మేస్త్రీ చేతికి పోయాయి. ఏ మూత ఏ సీసాకు పోయిందో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు మాత్రం గురువారం దాకా తెలియలేదు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి కోలారు ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది.

"సిస్టర్, మీరు పంపిన సీసా తెరిచినాము. లోపల దూది ఉండాది, రాళ్ళు ఉండాయి. తిత్తి యాడ?"

ఫోను పెట్టేసి అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇరవై ఏళ్ళకు పైగా సంపాదించుకున్న పేరు ఒక్క నిమిషంలో కాళ్ళ దగ్గర పడినట్టయింది. సర్జన్ గారికి చెప్పాను. కోప్పడితే బాగుండుననిపించింది, ఆయన కోప్పడలేదు.

"ఆ గరుకు ఏమిటో ఆ తిత్తి ఒక్కటే చెప్పగలదు. అది దొరక్కపోతే ఆమెకు ఇంకో ఆపరేషను కావాలో అక్కర్లేదో మనకు ఎప్పటికీ తెలియదు. కుట్లు విప్పి, నూనె తగ్గించమని చెప్పి ఇంటికి పంపేస్తాం. లోపల ఏదైనా ఉంటే అది దాని పని అది చేసుకుపోతుంది" అన్నారు.

నేను వార్డుకు పరిగెత్తాను. ఆమె మంచం మీద కూర్చుని, పక్క మంచం ఆమెకు కోడలి మీద ఫిర్యాదు చెబుతోంది.

"మీ ఆయన యాడమ్మా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"రాళ్ళు చూపించుకోను ఊరంతా తిరగతా ఉండాడు. పెండ్లాం కుట్లు చూసేకి తీరిక లేదు గాని, రాళ్ళు చూపించేకి ఉండాది. ఏం సిస్టరమ్మా, మొగమంతా చెమట పట్టిండాదే?"

"ఎండ" అని బయటపడ్డాను. అది డిసెంబరు నెల.

మా అంబులెన్సు డ్రైవరు ఒకప్పుడు గని లోపల లోకో తోలిన మనిషి. లోకోకు స్టీరింగు ఉండదు, పట్టాల మీద ముందుకో వెనక్కో పోతుంది. ఆయన రోడ్డు మీద కూడా అదే పద్ధతిలో తోలేవాడు. మలుపు వస్తే అది తనంతట తానే తిరుగుతుందని నమ్మకం. నేను థియేటర్ టోపీతోనే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

"ఎవరికి సీరియస్ సిస్టర్?"

"నాకే" అన్నాను. ఆయన సైరన్ వేసేశాడు.

చాంపియన్ రీఫ్‌లో మేస్త్రీ ఇంటికి తాళం. మూల మీద టీ అంగడి దగ్గర పాత గనివాళ్ళు అయిదారుగురు కూర్చుని ఉన్నారు. సీసా మాట ఎత్తగానే అందరూ ఒకేసారి మాట్లాడారు. వాళ్ళలో పెద్దాయన మిగిలినవాళ్ళను అదిలించి చెప్పాడు.

"పొద్దున ఇక్కడే మూత తీసినాడు సిస్టర్. అబ్బా, ఏం ఘాటు! అందరికీ కండ్లలో నీళ్ళు. చూస్తే లోపల రాయి లేదు, తోలుసంచి మాదిరి ఏందో ఉండాది. రాయి ఆ సంచి మడతల లోపల ఉంటాది, కోసి చూస్తామని ఒకడన్నాడు. ఇంగొకడు, కోస్తే ఏం తెలుస్తాది, ఎండబెట్టి దంచాల అన్నాడు."

నేను ఆయన మాటకు అడ్డుపడ్డాను. "దంచినారా?"

"మేమెట్ల దంచుతాము? దంచేకి పద్ధతి ఉండాది కదా. అస్సే ఆఫీసు ఆయన ఉంటేనే దంచేది. ఆయన ఇప్పుడు బేతమంగళలో ఆవులు మేపుకుంటా ఉండాడు. మేస్త్రీ సీసా చంకలో పెట్టుకోని బస్సెక్కినాడు."

అస్సే ఆఫీసంటే, గనిలోంచి వచ్చిన రాతిని దంచి, కరిగించి, అందులో బంగారం ఎంతుందో తేల్చి చెప్పే చోటు. అక్కడ పనిచేసిన మనిషి చేతికి నా పిత్తాశయం పోతోంది. నా పిత్తాశయం అని రాశాను, చూశారా? ఆ పొద్దున నాకు అలాగే అనిపించింది.

బేతమంగళ రోడ్డులో ముందు ఒక బస్సు కనబడింది. డ్రైవరు సైరన్ మోగిస్తూ దాన్ని దాటి, అడ్డంగా నిలిపాడు. నేను దిగి బస్సెక్కాను. లోపల కిక్కిరిసి ఉన్నారు. ఆయాసంలో ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

"ఇందులో కొయ్యల మేస్త్రీ ఉండాడా? ఆయన దగ్గర తెల్ల సీసా ఉండాది. అందులో ఆయన పెండ్లాం పిత్తాశయం ఉండాది!"

అందరూ వంగి తమ తమ సీట్ల కింద చూసుకున్నారు. ఒకాయన తన టిఫిను డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టాడు. ముందు సీట్లో ఒక పెద్దామె సంచి నా ముందు తెరిచి పెట్టింది.

"నా దగ్గర టమాటాలే ఉండాయమ్మా. కావాలంటే కిందికంటా చూసుకో."

కండక్టరు మాత్రం నిదానంగా, "దానికి లగేజి టికెట్ తీసుకున్నాడా?" అన్నాడు. తరువాత చెప్పాడు, అలాంటి మనిషి ముందు బస్సుకు పోయినాడని, ఆ బస్సు ఈపాటికి చేరి ఉంటుందని. నేను దిగేసరికి వెనక నుంచి బస్సు మొత్తం ఒక్కసారిగా నవ్వింది. నాకు కూడా నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ కలిపి ఏడ్చాను. డ్రైవరు నాకు ముక్కు తుడుచుకోవడానికి, గాయాలకు కట్టే గాజుగుడ్డ ఇచ్చాడు.

అస్సే ఆయన ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు. ఇంటి వెనక కొట్టంలో మూడు ఆవులు. వాటి పక్కనే ఒక బల్ల, దాని మీద గాజు పెట్టెలో సన్నటి తక్కెడ. పేడ కొట్టంలో కూడా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కళ్ళజోడుకు నూలు దారం కట్టుకుని నిలబడ్డాడు ఆయన. మేస్త్రీ బెంచీ మీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. సీసా ఎక్కడా కనబడలేదు.

"ఆ సీసా యాడ?" అని అరిచాను.

"మీరెవరమ్మా?" అన్నాడు అస్సే ఆయన.

"ఆస్పత్రి సిస్టర్ని. సీసా యాడ?"

"సీసా అంటే ఏ సీసా? నా దగ్గర ఒక సాంపిల్ ఉండాది. దాంట్లో ఏముండాది?"

"పిత్తాశయం."

"ఎవరిది?"

"ఈయన పెండ్లాంది."

"తీసినది ఎవరు? ఎప్పుడు?"

"మా డాక్టరు. సోమవారం. అయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, దంచినారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఎంతటి మాట అన్నానో అప్పుడు తెలిసింది. ఆయనకు నిజంగానే రోషం వచ్చింది.

"దంచేదా? ఏమ్మా, నేను ముప్పై నాలుగేళ్ళు అస్సే ఆఫీసులో చేసినాను. మూత మీద రాళ్ళు అని ఉండాది. లోపల మాంసం ఉండాది. చీటీ ఒకటి, సాంపిల్ ఒకటి అయితే చెయ్యి పెట్టకూడదు. ఈ మనిషి పొద్దున నించీ కొయ్యి, దంచు అని నా ప్రాణం తీస్తా ఉండాడు. ఆ ఘాటు నీళ్ళు కూడా పారబొయ్యనియ్యలేదు నేను. తప్పు చీటీ పడిన సాంపిల్‌కు సొంతదారు యాడనో ఏడస్తా ఉంటారు. వెతుక్కోని వస్తారని నాకు తెలుసు."

లోపలికి పోయి, రాగుల పీపా తాళం తీసి, గుడ్డలో చుట్టిన సీసా తెచ్చాడు. మూత తీసి చూశాను. తిత్తి అలాగే ఉంది, ఫార్మలిన్ నిండా ఉంది. సంతోషం పట్టలేక ఎవరినో ఒకరిని కౌగిలించుకోవాలనిపించింది. ఆ పెద్దమనిషిని కౌగిలించుకోలేను కదా, పక్కనున్న ఆవు మెడ వాటేసుకున్నాను. అది నా టోపీ నమిలింది. డ్రైవరు కూర్చునేచోటు చూసుకోకుండా నవ్వుతూ పేడలో చతికిలబడ్డాడు.

అస్సే ఆయన నవ్వలేదు. నాకు పరీక్ష ఇంకా అయిపోలేదు.

"మూత తిరగతాది, ఒకదాని నించి ఇంగొకదానికి పోతాది. సీసా పోదు. పేరు యాడ రాయాల?"

"సీసా మీద."

"ఇంగోసారి చెప్పండి."

"సీసా మీదనయ్యా, సీసా మీద!"

ఆయన పొడి గుడ్డతో సీసాను తుడిచి, కాగితం ముక్కకు గంజి రాసి అంటించి, దాని మీద ఏముందో, ఎవరిదో, ఎప్పుడు తీశారో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. నాతో సంతకం పెట్టించుకున్నాక గానీ సీసా నా చేతికి ఇవ్వలేదు.

ఇంత గోలలోనూ మేస్త్రీ నోరు విప్పలేదని అప్పుడు గమనించాను. ఆయన్ను పక్కకు తీసుకుపోయి ఉన్నమాట చెప్పాను. తప్పు నాదేనని, తిత్తి గోడకు ఏదో గరుకు ఉందని, అది క్యాన్సరు అవునో కాదో తేలాలంటే ఇది ల్యాబ్‌కు పోవాలని.

"అయితే రాళ్ళు యాడుండాయి?" అన్నాడు ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "ఆమె ప్రాణం సంగతి చెప్తా ఉంటే రాళ్ళంటావేమప్పా? అందులో బంగారం ఉంటాదనా?"

"బంగారం ఎవరికి కావాలమ్మా" అన్నాడు. "గని నించి వచ్చి బట్టలు విప్పితే అవి వాటంతట అవే నిలబడేవి. అంత మన్ను. ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే ఉతికినాది. ఆ దుమ్మంతా దీని ముక్కులోకి, నోట్లోకి పోయినాది. అదే కడుపులో చేరి రాయి అయినాది. అది గని రాయేనా కాదా అని ఈయన పరీక్ష చేసి చెప్పాల. నేనే తెచ్చి పెట్టినానని తెలిస్తే ఇంగ నేను దాని మొగం ఎట్ల చూసేది?"

పొద్దున నుంచి ఊరంతా చూసి నవ్విన మనిషి ఇంత బరువు మోసుకుని తిరుగుతున్నాడని ఎవరికి తెలుసు? ఆయన పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాను. అది దుమ్ము కాదని, పైత్యరసం గడ్డకట్టి అయ్యే రాయి అని చెప్పాను. ఆయన తలూపాడు గానీ నమ్మలేదు.

అక్కడి నుంచి నేరుగా కోలారుకు పోయాం. దారి పొడుగునా సీసాను రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు జీవితంలో మొదటిసారి మలుపుల్లో స్టీరింగు తిప్పాడు. తిత్తిని ల్యాబ్‌వాళ్ళ చేతికిచ్చి, రాళ్ళు తీసుకుని మేస్త్రీకి ఇచ్చాను. ఆయన వాటిని ఎంచుకుని, మళ్ళీ బేతమంగళ బస్సెక్కాడు.

కుట్లు విప్పే రోజుకు రిపోర్టు వచ్చింది. సర్జన్ గారు రెండుసార్లు చదివారు. ఆ గరుకు క్యాన్సరే. చిన్నది, తిత్తి గోడలోనే ఉంది, కానీ పైపొర దాటి కండ పొరలోకి దిగింది. బెంగళూరులో ఇంకో ఆపరేషను చేసి, తిత్తి ఆనుకుని ఉన్న కాలేయం ముక్క, చుట్టూ ఉన్న గ్రంథులు తీసేయాలి. ఇప్పుడే చేస్తే మంచి ఆశ ఉంది. తిత్తి దొరక్కపోయి ఉంటే అన్న మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు.

మేస్త్రీ వరండాలోనే నన్ను ఆపి, "దానికి చెప్పొద్దు సిస్టరమ్మా, గుండె ఆగిపోతాది" అని బతిమాలాడు. సర్జన్ గారితో కలిసి లోపలికి పోతే ఆమె తనే మొదలుపెట్టింది.

"ఏం సిస్టరమ్మా, నా పిత్తాశయం కోసరం బస్సు నిలిపినావంట?"

"మీకెవరు చెప్పినారు?"

"టమాటాల సంచి మా చెల్లెలి ఆడబిడ్డది. బైరకూరు దాకా తెలుసు అందరికీ. బస్సు నిలిపి వెతికినారంటే అది సామాన్యమైన సంగతి కాదని ఆ పొద్దే అనుకుంటిని. ఇంగ దాచిపెట్టొద్దు, చెప్పండి."

నేను ముందు నా తప్పు ఒప్పుకున్నాను. సర్జన్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, రోగం పేరుతో సహా మెల్లగా అంతా చెప్పారు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "మా అమ్మకు వచ్చినదేనా?" అంది. అయి ఉండవచ్చని, కానీ వాళ్ళమ్మది ఇంత తొందరగా ఎవరూ చూడలేదని ఆయన చెప్పారు.

అప్పుడు మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. గోడకు తల ఆనించి ఏడుస్తూ, తన బట్టల మన్ను సంగతంతా పెళ్ళాం ముందు బయటపెట్టేశాడు. జేబులోంచి అస్సే ఆయన రాసిచ్చిన చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న రాళ్ళను వేడి చేస్తే మైనంలా కరిగి, మండి పోయాయని, గని రాయి అనేది ఒక్క రవ్వ కూడా లేదని అందులో ఉంది.

"ఆయన నా స్నేహితుడమ్మా. నేను బాధపడతానని అట్ల రాసినాడు" అన్నాడు మేస్త్రీ.

చీటీ మాట అబద్ధమంటే అస్సే ఆయన ఈయన్ను బతకనిస్తాడా అని నేను అనబోతున్నాను. ఆమె నా కంటే ముందు అందుకుంది. కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని, ఎక్స్‌రే గదిలో వినబడే ఆ గొంతుతో అరిచింది.

"ఇరవై ఎనిమిదేళ్ళు నీ బట్టలు ఉతికినాను గాని, నమిలినానా అప్పా!"

ముందు సర్జన్ గారు నవ్వారు. తరువాత నేను. మేస్త్రీ ఏడుస్తున్నవాడు ఏడుస్తూనే నవ్వాడు. ఆమె నవ్వితే కుట్లు లాగుతున్నాయని మమ్మల్ని తిడుతూ తనూ నవ్వింది. కళ్ళు తుడుచుకున్నాక, "బెంగళూరుకు ఎప్పుడు పోవాల సార్?" అని అడిగింది.

వారం తిరక్కుండా మా అంబులెన్సులోనే బయలుదేరింది. నేను వాకిలి దాకా వచ్చాను. తలుపు వేయబోతుంటే ఆమె చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. నేను చెప్పడానికి ధైర్యం మాట ఒకటి వెతుక్కుంటుంటే, ఆమే మేస్త్రీ వైపు తల తిప్పి అంది.

"ఈయనకు గట్టిగా చెప్పినాను సిస్టరమ్మా. ఈసారి వాళ్ళు లోపలి నించి ఏం తీసినా, ఒక్కటి కూడా ఇంటికి తేకూడదని."

మేస్త్రీ ఆ మాట నిలబెట్టుకున్నాడు. మూడు వారాల తరువాత బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఆయన చంకలో సీసా లేదు. భార్యను చెయ్యి పట్టుకుని బండిలోంచి దించుకున్నాడు.